వీడియో రెజ్యూమే ఎవరికీ పంపక ముందే చదువుకో

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగాల కోసం రెజ్యూమేతో పాటు పంపుతానని నువ్వు తీసిన వీడియో చూశాను. నచ్చని మాట ముందే చెప్పేస్తాను, దీన్ని ఎవరికీ పంపకు. గొంతు బాగుంది, ముఖంలో బెదురు లేదు, అంతవరకు సంతోషమే. కానీ నాలుగు నిమిషాలు కూర్చుని చూస్తే నాకు తెలిసినవన్నీ నీ రెజ్యూమే మొదటి పేజీలో ఉన్నవే. ఊరు, ఇంటర్ మార్కులు, ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ, నాన్న చేసే పని, క్రికెట్ అంటే ఇష్టం. కాగితం మీద అర నిమిషంలో చదివేసేదాన్ని నాలుగు నిమిషాలు వినమంటే ఎవరు వింటారు?

ఆ రొయ్యల మేత కంపెనీ వాళ్లు 90 సెకన్ల వీడియో అడిగారన్నావు కదా. అడిగారు కాబట్టి పంపాల్సిందే, బాగానే తీద్దాం. మీ ఫ్రెండు చెప్పాడని అప్లై చేసిన ప్రతిచోటికీ దాన్నే జోడించడం మాత్రం నాకు ఇష్టం లేదు. నలుగురితో మాట్లాడాల్సిన ఉద్యోగాలకి, అంటే ఫీల్డ్ ఆఫీసరు, సేల్స్, ట్రైనింగ్, పాఠాలు చెప్పే పనులకి వీడియో పనికొస్తుంది. ల్యాబులో నీటి పరీక్షలు చేసే పోస్టుకి నువ్వు ఎలా మాట్లాడతావన్నది వాళ్లకి అనవసరం. పైగా పెద్ద కంపెనీల్లో అప్లికేషన్లను మొదట వడపోసేది సాఫ్ట్‌వేరు. అది కాగితం మీది అక్షరాలనే వెతుక్కుంటుంది, నీ నవ్వు దానికి కనిపించదు. అందుకని వీడియో ఎంత బాగా వచ్చినా పీడీఎఫ్ రెజ్యూమేని పక్కన పడేయకు.

కుర్చీకి అటువైపు ఏం జరుగుతుందో చెప్తాను. పర్సనెల్ డిపార్ట్‌మెంట్ అనే రోజుల నుంచి హెచ్ఆర్ అయ్యేదాకా నేను చేసింది అదే పని. ఇలాంటి వీడియోని ఎవరూ తీరిగ్గా కూర్చుని చూడరు. రెండు మీటింగుల మధ్య, ఫోన్‌లో, ఒక్కోసారి సౌండ్ తగ్గించి చూస్తారు. మొదటి పది సెకన్లలో మనిషి మాట్లాడటం మొదలుపెట్టకపోతే వేలు ముందుకి జరుపుతుంది. నీ వీడియోలో నీ పేరు గిర్రున తిరుగుతూ రావడానికే ఇరవై సెకన్లు పట్టింది, వెనకాల ఆ డప్పుల మ్యూజిక్ ఒకటి. రెండూ తీసెయ్.

ఇక ఆ ‘మైసెల్ఫ్ ఫలానా, ఐ హేల్ ఫ్రమ్ భీమవరం’ పాట. కాలేజీల్లో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో మీ అందరికీ ఒకే పేజీ బట్టీ పట్టిస్తారని నాకు తెలుసు. హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్, చివర్లో హాబీలు. ఇంటర్వ్యూ గదిలో పిల్లలు వరసగా వచ్చి అదే అప్పజెప్తుంటే, మూడో మనిషి దగ్గరికొచ్చేసరికి ఎవరేమన్నారో గుర్తుండేది కాదు. బట్టీ పట్టిన మాట ఎదురుగా కూర్చున్నప్పుడైనా కాస్త దాగుతుందేమో గానీ వీడియోలో అసలు దాగదు. కళ్లు పైకి తిరుగుతాయి, శ్వాస తప్పుడు చోట తీసుకుంటావు.

మరి ఏం చెప్పాలి? నీకొచ్చిన పని చేసి చూపించు. నీ ప్రాజెక్టు రొయ్యల చెరువుల మీదే కదా. ఆ కంపెనీకి కావలసింది చెరువు గట్టు మీద రైతుతో మాట్లాడి ఒప్పించగలిగే కుర్రాడు. నువ్వు ఒప్పించగలవని రెజ్యూమేలో ఎంత రాసుకున్నా నమ్మకం కుదరదు, వింటే కుదురుతుంది. కాబట్టి ఒకే ఒక్క విషయం తీసుకో. తెల్లవారుజామున చెరువులో డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఎందుకు పడిపోతుందో రైతుకి చెప్తున్నట్టు చెప్పు. పగలంతా ఎండకి నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది, అందుకే పొద్దు పొడవబోయే ముందు అది అన్నిటికంటే తక్కువకి వస్తుంది, మబ్బు పట్టిన రోజుల్లో మరీను. ఇవి నీకు పాఠాలే. ‘బాబాయ్ గారూ, అర్ధరాత్రి డీఓ బాగానే ఉందని కరెంటు ఆదా కోసం నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపేస్తే, నాలుగింటికి రొయ్య పైకి తేలుతుంది. అప్పుడు వేసినా ఆలస్యమే’ అని నువ్వు అంటున్నప్పుడు నీ చేతులు, నీ మర్యాద, నీ ఓపిక అన్నీ కనిపిస్తాయి. ఆ తర్వాత ‘చెక్ ట్రేలో మేత మిగిలిందా, ఒకసారి చూద్దాం పదండి’ అను. ఈ ముక్క ఒక్కటి చాలు, ఫీల్డ్ మేనేజర్ నిన్ను ఇంటర్వ్యూకి పిలుస్తాడు. పిలవకపోతే వాడికి రొయ్యల గురించి తెలియదనుకో.

భాష గురించి టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటి ఇరవై సెకన్లు ఇంగ్లీషులో నువ్వెవరో, ఏ పోస్టుకో చెప్పి, రైతుతో మాట్లాడే ముక్క తెలుగులో పెట్టు. ఆఖరున మళ్లీ ఇంగ్లీషులో రెండు వాక్యాలు. మీ గోదావరి యాసని దాచకు, ఆ ఉద్యోగంలో అదే నీకు బలం. ఇంగ్లీషు ముక్కని అరువు తెచ్చుకున్న అమెరికా యాసతో చెప్పకు. తప్పులేని చిన్న వాక్యాలు, నిదానంగా. ఇంగ్లీషులో నిమిషానికి 130 మాటల దగ్గర మాట్లాడితే వినడానికి హాయిగా ఉంటుంది, ఆ లెక్కన 90 సెకన్లకి 200 మాటలు దాటకూడదు. తెలుగులో మాటలు పొడుగు కాబట్టి ఇంకా తక్కువే పడతాయి. వాళ్లు 90 అన్నారు కాబట్టి 85 దగ్గర ఆపెయ్. చెప్పిన హద్దు పాటించాడా లేదా అన్నది కూడా వాళ్లు చూస్తారు.

తీయడానికి స్టూడియో ఏమీ అక్కర్లేదు. ఉదయం కిటికీకి ఎదురుగా కూర్చో, వెలుగు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. ట్యూబ్‌లైట్లని నమ్ముకోకు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాతరకం లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుమంటాయి, కంటికి తెలియదు గానీ వీడియోలో చారలు పడతాయి. ఫోన్ అడ్డంగా, కళ్ల ఎత్తున, పుస్తకాల దొంతర మీద పెట్టు. 1080పీ చాలు, 4కే పెడితే ఫైలు బరువు తప్ప ఒరిగేదేం లేదు. సెల్ఫీ కెమెరా కన్నా వెనక కెమెరా మేలు, నీ ముఖం నీకు కనిపించదు కాబట్టి లెన్స్ వైపే చూస్తావు. బొమ్మ కంటే శబ్దం ముఖ్యం. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఓర్చుకుంటారు, మాట వినబడకపోతే ఆపేస్తారు. వైరు ఇయర్‌ఫోన్స్ మైకు వాడు, ఫ్యాను ఆపు, కుక్కరు ఎప్పుడు పెడుతుందో అమ్మని అడుగు, కూరగాయల బండి మైకు వీధి దాటనివ్వు. వెనకాల బీరువా మీది సూట్‌కేసులు కనబడకూడదు. టై వద్దు, చెరువుల మీద తిరిగే ఉద్యోగానికి టై ఏంట్రా. సాదా రంగు చొక్కా, సన్న గీతలది కెమెరాలో మిలమిలలాడి విసిగిస్తుంది.

ఎడిటింగులో కళాకారుడివి అయిపోకు. 2006లో యేల్ యూనివర్సిటీ కుర్రాడొకడు యూబీఎస్ బ్యాంకులో ఉద్యోగానికి వీడియో పంపాడు. అందులో బరువులెత్తాడు, టెన్నిస్ ఆడాడు, మంచు మీద జారాడు, డ్యాన్సు చేశాడు, చేత్తో ఇటుకలు పగలగొట్టాడు, మధ్యమధ్యలో విజయం గురించి ఉపన్యాసం. ఆ ఫైలు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి ఈమెయిళ్లలో తిరిగి యూట్యూబ్‌కి ఎక్కింది, ఊరంతా నవ్వింది. ఉద్యోగం సంగతి అటుంచు, ఆ వీడియో వాడి పేరుని వదల్లేదు. ఒకసారి మన చేతి నుంచి వెళ్లిన వీడియో మళ్లీ మన చేతికి రాదు.

అమెరికాలో అందరూ ఇలాగే చేస్తున్నారని మీ అక్క అందట. టిక్‌టాక్ 2021 జులైలో అక్కడ వీడియో రెజ్యూమేలు తీసుకుంటామని కొన్ని కంపెనీలతో కలిసి ప్రయత్నం చేసిన మాట నిజమే, కానీ అది ఆ నెల కోసం పెట్టిన ట్రయలే. అదే దేశంలో ఉద్యోగ వివక్షని చూసే ప్రభుత్వ సంస్థ ఈఈఓసీ, అప్లికేషన్‌తో పాటు ఫొటో కూడా అడగొద్దని కంపెనీలకి చెప్తుంది. ఎందుకంటావా? ముఖం కనబడగానే రంగు, వయసు, మతం అన్నీ చూస్తారు. మన దగ్గర మాత్రం తక్కువా? రంగు చూసి, యాస విని, ఇంటిపేరు బట్టి కులం లెక్కేసి పక్కన పెట్టేవాళ్లని నేను ఎరుగుదును. అడగని చోటికి వీడియో పంపొద్దనడానికి ఇదే నా అసలు కారణం. ముందు నీ పని చూడనీ, ముఖం ఇంటర్వ్యూలో ఎటూ చూస్తారు.

పంపేటప్పుడు ఫైలు జోడించకు, జీమెయిల్ 25 ఎంబీ దాటితే తీసుకోదు. యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’ అని పెట్టి లింకు ఇవ్వు. ‘ప్రైవేట్’ అని పెడితే వాళ్లకి తెరుచుకోదు. డ్రైవ్‌లో పెడితే లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చని సెట్ చేసి, అమ్మ ఫోన్‌లోంచి తెరిచి చూసుకో. లింకు నొక్కితే అనుమతి అడగమని వచ్చే అప్లికేషన్లు నాకు బోలెడు వచ్చేవి. అనుమతి అడిగే ఓపిక ఏ హెచ్ఆర్‌కీ ఉండదు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆధార్ గానీ పాన్ గానీ ముఖం పక్కన పట్టుకుని వీడియో తీసి పంపమంటే అది ఉద్యోగం కాదు. 2020 నుంచి బ్యాంకులు వీడియోలోనే కేవైసీ చేస్తున్నాయి, నీ ముఖమూ నీ కార్డూ కలిసి ఉన్న వీడియో దొంగ చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించు. రిజిస్ట్రేషన్ ఫీజు అన్నా అంతే, ఫోన్ పెట్టెయ్. డబ్బు పోయినట్టు అనిపిస్తే ఆ క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. వీడియోలో పుట్టినతేదీ, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు చెప్పకు, అవి ఈమెయిల్లో ఉంటే చాలు. ఉద్యోగం తేలాక ఆ లింకు తీసెయ్.

ఇప్పుడే కెమెరా పట్టుకోకు. ముందు ఆ రైతు ముక్క కాగితం మీద రాసి వాట్సాప్ చెయ్, నేను దిద్ది పంపిస్తాను. తర్వాత కాగితం పక్కన పెట్టి, మీ నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయనకే చెప్పు. ఆయన మధ్యలో అడ్డొచ్చి ప్రశ్నలు వేస్తారు, వెయ్యనీ, నిజం రైతులూ అంతే. వీడియో తీశాక మాత్రం నాకు వాట్సాప్‌లో మామూలుగా పంపకు, అది కుదించి పాడుచేస్తుంది. డాక్యుమెంటుగా జోడించు. గడువు శుక్రవారం అన్నావు కదా, బుధవారానికల్లా నా చేతిలో ఉండాలి.

ఇట్లు,
పెద్దమ్మ