సేవాసంస్థ పాలకమండలిలో అకౌంటెంట్

ప్రశ్న: నేను ఒక కంపెనీలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. ఒక సేవాసంస్థ తన పాలకమండలిలో జీతం లేని సభ్యత్వం స్వీకరించమని అడుగుతోంది. దీనివల్ల వృత్తిపరంగా నాకు ఒరిగేదేమైనా ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. కంపెనీలో మీ పని చాలావరకు లెక్కలు సిద్ధం చేసి పైవారికి అందించడంతో ముగుస్తుంది; పాలకమండలిలో మాత్రం ఆ లెక్కల ఆధారంగా నిర్ణయం తీసుకుని, దానికి బాధ్యత వహించేవారిలో మీరూ ఒకరవుతారు. దాత ఫలానా పనికే అని ఇచ్చిన సొమ్మును వేరే ఖర్చుకు మళ్లించకూడదు కనుక, బ్యాంకులో నిల్వ దండిగా కనిపిస్తున్నా సిబ్బంది జీతాలకు డబ్బు చాలని పరిస్థితి ఇలాంటి సంస్థలకు ఎదురవుతూ ఉంటుంది. ఆ తేడాను లెక్కలతో పరిచయం లేని తోటి సభ్యులకు ఓపికగా వివరించే నేర్పు ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత బాగా అబ్బదని నా అభిప్రాయం. ఒక మంచి కార్యక్రమం నిధుల్లేక మధ్యలో ఆగిపోకుండా మీ సలహా కాపాడిందని తెలిసినప్పుడు కలిగే తృప్తినీ నేను తక్కువగా చూడను. చేరేముందు సంస్థ నియమావళిని, గత సంవత్సరాల ఆడిట్ నివేదికలను అడిగి చదవండి. ఆర్థిక బాధ్యత మండలి అందరిదీ కనుక, అది మీ ఒక్కరిదే అన్న భావన మిగతావారిలో కలగనివ్వకండి. సభ్యులుగా ఉంటూ అదే సంస్థకు ఆడిటర్‌గా వ్యవహరించడానికి మాత్రం ఒప్పుకోకండి. ఆడిట్‌కు ఉండవలసిన స్వతంత్రత అక్కడ పోతుంది.