మీ ప్రశ్నలు – మా జవాబులు: ఊరి తీర్మానానికి బలం ఎక్కడ?

ప్రశ్న: అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) జనం ఓటేసి తమ కౌంటీకి సొంత పాలనాధికారం తెచ్చుకోవచ్చని మా అబ్బాయి అంటున్నాడు. మన జిల్లా పరిషత్తుకు అలాంటి వీలుందాండీ? – ఒక పాఠకుడు, రాజాం

జవాబు: నిజమే, కానీ అన్ని రాష్ట్రాల్లో కాదు. అక్కడ కూడా కౌంటీకి రాష్ట్రం రాసిచ్చినంతే అధికారం అన్నది పాత సూత్రం. 1868లో అయోవా జడ్జి జాన్ డిల్లన్ ఇచ్చిన తీర్పుతో అది స్థిరపడింది. కాలిఫోర్నియా 1911లో రాజ్యాంగం సవరించి, కౌంటీలు సొంత చార్టర్ (పాలనా నియమావళి) రాసుకోవచ్చంది. ఇప్పుడు 58 కౌంటీల్లో 14 ఆ దారిలో ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఓటర్లు ముందు 15 నుంచి 25 మందిని ఎన్నుకుంటారు, వాళ్ళు రాసిన చార్టర్ మళ్ళీ ఓటుకు వస్తుంది. ఇల్లినాయిలో అయితే నేరుగా ఎన్నికైన అధిపతి ఉన్న కౌంటీకే ఆ అధికారం. షికాగో ఉన్న కుక్ కౌంటీ ఒక్కటే దాన్ని అనుభవిస్తోంది. మిగతా చోట్ల పన్నులు పెరుగుతాయన్న భయం ఓటర్లను వెనక్కి లాగుతుంది.

మనకు ఆ ఓటే లేదు. మన రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు ఇవ్వదగిన 29 అంశాలున్నాయి. కానీ 243-జి అధికరణం వాటిని పంచాయతీలకు ‘ఇవ్వవచ్చు’ అంటుందే తప్ప ఇచ్చి తీరాలనదు. ఎంత ఇవ్వాలో తేల్చేది శాసనసభ. జిల్లా పరిషత్తు ఎన్ని తీర్మానాలు పంపినా అవి విన్నపాలే. ఇది మారాలని మేమూ గట్టిగా కోరుకుంటున్నాం.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో కొండమీద సవర గూడ. రోడ్డు కోసం పంచాయతీ తీర్మానం చేస్తే, అడవి భూమి అని ఆపేశారు. షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కాబట్టి గ్రామసభ మాట చెల్లదన్నారు. జబ్బుపడినవాళ్ళను ఇంకా డోలీలోనే దించుతున్నాం. – ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాట తప్పమ్మా. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికే, నిజమే. 2006 అటవీ హక్కుల చట్టం అలా కాదు, అడవి భూమి ఎక్కడున్నా వర్తిస్తుంది. అందులో 3(2) సెక్షన్ మీకోసమే ఉంది. రోడ్డు, బడి, అంగన్‌వాడీ, తాగునీరు, కరెంటు లైను లాంటి 13 పనులకు గ్రామసభ సిఫారసు మీద అడవి భూమి ఇవ్వవచ్చు. షరతులు రెండు: ఒక్కో పనికి భూమి హెక్టారు లోపే ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు.

ముందు కొలత చూసుకోండి, ఫైళ్ళు ఎక్కువగా తిరిగొచ్చేది ఇక్కడే. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. రోడ్డు వెడల్పు 3.75 మీటర్లయితే సుమారు 2,660 మీటర్ల పొడవుకు సరిపోతుంది. పక్క కాలువలు, గట్లు కలిపి 6 మీటర్లు తీసుకుంటే 1,660 మీటర్లకే హెక్టారు నిండిపోతుంది. కాబట్టి అడవిలో పడే ముక్క పొడవెంతో, అడ్డొచ్చే చెట్లెన్నో ఇంజనీరు చేత రాయించండి. హెక్టారు దాటితే ఈ సెక్షన్ పనిచేయదు, అటవీ సంరక్షణ చట్టం కింద వేరే అనుమతి కావాలి.

ఇక సభ. సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. 120 మంది పెద్దవాళ్ళున్న ఊరైతే 60 మంది, అందులో కనీసం 20 మంది ఆడవాళ్ళు. మీ పాత తీర్మానం ఇక్కడే పడిపోయి ఉండొచ్చు, ఒకసారి మినిట్స్ పుస్తకం తీసి చూడండి. సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకున్నవైనా, హాజరు పట్టీ లేకున్నా, అడిగినవాడి ముందు ఆ కాగితం నిలవదు. ముందే చాటింపు వేయించండి. కూలి పనులకు పోయే రోజు పెట్టకండి. సర్వే నంబరు, పొడవు, వెడల్పు, చెట్ల లెక్క తీర్మానంలోనే ఉండాలి. ‘రోడ్డు వేయాలని కోరడమైనది’ అని ఒక్క వాక్యం రాస్తే చాలదు.

ఊరి సభ మాటకు విలువ ఉందా అని ఎవరైనా అంటే ఒడిశాలోని రాయగడను చూపించండి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తవ్వకం ఆగింది. ఆ సభలకు పునాది కూడా ఈ అటవీ హక్కుల చట్టమే.

రోడ్డు వేసే శాఖ దరఖాస్తుకు తీర్మానం నకలు జతచేసి ఫారెస్ట్ రేంజి కార్యాలయంలో ఇప్పించి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. డీఎఫ్‌ఓ (రేంజి అధికారి పైనుండే అటవీ అధికారి) ఒప్పుకోకపోతే విషయం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. అప్పుడు ఆ రసీదు మీ చేతిలో ఉండాలి.