"ఇక చేసేదేం లేదు" అని డాక్టర్లు అనకూడదంటారు, ఎందుకు?

ఎందుకంటే ఆ మాట చాలాసార్లు నిజం కాదు: జబ్బును నయం చేసే దారి మూసుకుపోయినా నొప్పి, ఆయాసం, వాంతులు తగ్గించే వైద్యం చివరి రోజు దాకా ఉంటుంది. దాన్నే పాలియేటివ్ కేర్ అంటారు. క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రలు అందులో భాగమే. "లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అనగానే ఇంట్లోవాళ్లకు వినపడేది ఒక్కటే, మమ్మల్ని వదిలేశారని. ఆ తర్వాత నొప్పి ఎంత పెరిగినా కొందరు మళ్లీ ఆసుపత్రి గడప తొక్కరు. అసలు నష్టం అక్కడుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన పెద్దాయన ఉంటే, ఆయన కొడుకుతో డాక్టరు ఇలా అనొచ్చు: "కీమో ఇక నాన్నగారికి పనిచేయడం లేదు, జబ్బు నయం కాదు. కానీ ఆయాసం, నొప్పి తగ్గించడానికి మందులున్నాయి. అవి ఆపం." అంతకంటే ముందు "ఇప్పటిదాకా మీకేం చెప్పారండీ?" అని అడగాలి. చెడువార్త చెప్పడానికి 2000లో వచ్చిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతిలోనూ వార్త కంటే ముందు ఈ ప్రశ్నే వస్తుంది.

మెత్తగా చెప్పడమంటే నిజం దాచడమని చాలామంది అనుకుంటారు. కాదు. మరణవార్తను "అంతా పైవాడి దయ" అంటూ తిప్పి చెబితే, మనిషి ఇంకా ఐసీయూలోనే ఉన్నారనుకుని ఇంట్లోవాళ్లు ఆశపడతారు. కూర్చోబెట్టి "చనిపోయారు" అనే మాటే వాడాలి. ఆ తర్వాత కాసేపు ఏమీ మాట్లాడకూడదు.