అరటికి మొజాయిక్ తెగులు సోకితే కణంలో ఏం జరుగుతుంది?

రావులపాలెం పరిసరాల అరటి తోటల్లో ఆకులపై పసుపు చారలు వచ్చి, కొత్త ఆకులు సన్నబడి వంకరపోవడానికి ఒక వైరస్ ఎలా కారణమవుతుందని అడిగారు. పేనుబంక ద్వారా వ్యాపించే కుకుంబర్ మొజాయిక్ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. అది తన ప్రతులను తయారుచేసుకునేటప్పుడు ఏర్పడే రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను మొక్కలోని డైసర్ ఎంజైములు 21 నుంచి 24 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ పోగులో అక్షరాల్లా వరుసగా ఉండే భాగాలు) పొడవున్న ముక్కలుగా నరుకుతాయి. ఆ ముక్కల ఆనవాలుతో ఆర్గోనాట్ అనే ప్రోటీను, వాటికి సరిపోలే వైరస్ ఆర్‌ఎన్‌ఏను వెదికి కోసేస్తుంది. దీన్ని తప్పించుకోవడానికి వైరస్ 2బి అనే చిన్న ప్రోటీనును తయారుచేస్తుంది. అది ఆ ముక్కలను తానే పట్టేసుకోవడంతోపాటు ఆర్గోనాట్‌కు అంటుకొని దాని కోతను ఆపుతుంది.

నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే ఉంది. ఆకుల ఆకృతిని, ఎదుగుదలను నడిపే జన్యువులను మొక్క అదుపులో ఉంచుకునేది కూడా తన సొంత చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలైన మైక్రోఆర్‌ఎన్‌ఏలతో పనిచేసే ఈ ఆర్గోనాట్ వ్యవస్థతోనే. కాబట్టి రక్షణ దెబ్బతిన్నప్పుడు ఎదుగుదల కూడా గాడి తప్పుతుంది. ఉధృతమైన వైరస్ రకం నుంచి తీసుకున్న 2బి జన్యువును మాత్రమే పరిశోధనల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చొప్పించినా, వైరస్ లేకుండానే ఆకులు వికృతమయ్యాయి.

సోకిన చెట్టును బాగుచేసే మందు లేదు. దాన్ని దుంపతో సహా తవ్వి నాశనం చేయాలి, దాని పిలకలు నాటకూడదు. దోస, గుమ్మడి కూడా ఈ వైరస్‌కు ఆశ్రయమిస్తాయి కనుక అరటిలో వాటిని అంతరపంటగా వేయడం దయచేసి మానండి.