నీళ్ల రంగు చూస్తూ ఉండు

అల్లుడూ,

నీ కొత్త కారు పెయింటు నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా ఉందని, నువ్వే వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టి అద్దంలా చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పటి నుంచి నాకు సంతోషంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది. నోటితో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

సంతోషం ఎందుకంటే, ట్యూబ్‌లైట్ నీడ బానెట్ మీద వంకర్లు పోతోందని నీ అంతట నువ్వే కనిపెట్టావు. కార్లు కొనేవాళ్లలో చాలామందికి అది కనపడదు. నాకు ఆ చూపు రావడానికి ఏళ్లు పట్టింది.

ఇక నా కంగారు. కంపెనీ పెయింటు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను). అందులో ప్రైమరు, రంగు పోగా పైనుండే క్లియర్ కోట్, అంటే రంగులేని మెరుపు పొర, 35 నుంచి 50 దాకా ఉంటుంది. ఎండ నుంచి కింది రంగును కాచేది ఆ కాస్త పొరే. ఒకసారి తీసేసింది మళ్లీ రాదు. మందం చూసే మీటరు కొన్నావట, మంచి పని చేశావు. కానీ ఆ రకం మీటరు మొత్తం మందమే చూపిస్తుంది, క్లియర్ ఎంతుందో చెప్పదు. 120 చూపించిందని ధైర్యపడకు. ప్లాస్టిక్ బంపర్ల మీద అదీ పనిచేయదు. అందుకని బంపర్ల జోలికి అసలు పోకు.

కారు కడిగి నీడలో పెట్టుకోవడం, పేపరు ముందే నానబెట్టుకోవడం, నీళ్లలో రెండు చుక్కలు కార్ షాంపూ వేసుకోవడం నీకు తెలిసినవే. 2000 నంబరు పేపరుతో మొదలుపెట్టి, ఇంకా నున్నటి 3000 నంబరుతో ముగించు. ఉత్త వేళ్లతో రుద్దకు, వేళ్ల కింద గాడులు పడతాయి. చేతిలో పట్టే చదునైన దిమ్మకి, అదే బ్లాక్‌కి, చుట్టి రుద్దు. పేపరు నేల మీద పడిందా, పారెయ్. ఒక్క ఇసుక రేణువు చాలు, రోజంతా చేసిన పని పాడైపోతుంది.

అంచుల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నేను కార్ల పెయింటు పనిలో చేరిన మూడో ఏడు. ముదురు నీలం మెటాలిక్ కారు. గురువుగారు బయటికెళుతూ "బానెట్ మధ్యలో చెయ్యి, గీతల దగ్గర టేపు వెయ్యి" అని చెప్పి వెళ్లారు. మధ్యలో పని బాగా కుదిరింది. ఆ ఉత్సాహంలో టేపు పీకేసి, బానెట్ మీదున్న ఎత్తు గీత మీదా నాలుగుసార్లు లాగాను. అప్పటిదాకా క్లియర్ పొడితో పాలలా తెల్లగా ఉన్న నీళ్లు లేత నీలంగా కనిపించాయి. కారు రంగే నీళ్లలో కనపడుతోందిలే అనుకున్నాను. ఇంకో రెండుసార్లు లాగాను. తుడిచి చూస్తే గీత పొడవునా అగ్గిపుల్ల వెడల్పున క్లియర్ లేదు, రంగు పాలిపోయి ఉంది. పేపరుకు నీలం అంటుకుంది.

అంచు మీద పెయింటు పలచగా ఉంటుంది, పైగా చేతి బరువంతా అక్కడే పడుతుంది. మధ్యలో పది లాగులు ఓర్చుకునే పెయింటు అక్కడ రెండింటికే పోతుంది. గురువుగారు వచ్చి చూసి ఒక్క మాట అనలేదు. ఓనరుకు నన్నే చెప్పమన్నారు. ఓనరు బానెట్ మీద చెయ్యి వేసి, "ఇంక ఇది కంపెనీ పెయింటు కాదు కదా" అన్నాడు. బానెట్ మొత్తం మళ్లీ పెయింటు వేసి ఇచ్చాం. పక్కన ఫెండర్లతో రంగు దాదాపు కలిసింది. ఎండలో నాకు మాత్రం తేడా తెలిసేది.

అందుకే ప్రతి అంచుకీ, ప్రతి గీతకీ టేపు వెయ్యి. పని అయ్యేదాకా పీకకు. ఆ వేలెడు మేర గరుగ్గానే ఉండిపోనీ, ఎవరూ అడగరు. నీళ్లలో రంగు కనిపించిన క్షణం చెయ్యి తీసెయ్. నీది మెటాలిక్, పైన క్లియర్ ఉన్న కారు. తెల్లని నీళ్లు తప్ప ఇంకేం రాకూడదు.

ఇంకొకటి. మధ్యమధ్యలో రబ్బరు బద్దతో నీళ్లు లాగి చూడు. మసకగా ఉన్నచోట పేపరు తగిలినట్టు, మెరిసే చుక్కలంటే పేపరు ఇంకా తగలని గుంటలు. చుక్కలన్నీ పోయేదాకా రుద్దాలని నీకు అనిపిస్తుంది, నీ మొండితనం నాకు తెలుసు. కొన్ని ఉండగానే ఆపెయ్. తొక్క మూడొంతులు పోతే కన్ను తృప్తిపడుతుంది. చివర్లో పాలిష్ మిషనుతో కాంపౌండ్, అంటే మెరుపు తెచ్చే ముద్ద, కొట్టేటప్పుడు మిషను ఒక్కచోట నిలపకు, అరచేయి ఆనించి వేడి చూసుకుంటూ ఉండు.

ముందు పాత డోరు ఒకటి సంపాదించి దాని మీద చెయ్యి. కావాలని అంచు కూడా రుద్ది చూడు, నీళ్ల రంగు ఎలా మారుతుందో నీ కళ్లతో చూస్తావు. కారు మొదలుపెట్టే రోజు నాకు చెప్పు, వస్తాను. పేపరు ముట్టుకోను. కుర్చీ వేసుకుని బకెట్ పక్కన కూర్చుంటాను.

మీ మావయ్య