గీజర్ లైటు వెలుగుతోంది, నీళ్లు మాత్రం గోరువెచ్చగానే వస్తున్నాయి. ఏం చూడాలి?

బొబ్బిలిలో బోరు నీళ్లు వాడుతున్నామని, 15 లీటర్ల గీజర్ అని రాశారు కాబట్టి చెబుతున్నాను, వెంటనే కొత్తది కొనేయకండి.

ముందు కుళాయి సంగతి తేల్చుకోండి. గీజర్‌కి చన్నీళ్లు వెళ్లే వాల్వు కట్టేసి వేడినీళ్ల కుళాయి తిప్పండి. ధార ఆగకుండా వస్తూనే ఉంటే, మిక్సర్‌లోనో షవర్ దగ్గరో చన్నీళ్లు వేడినీళ్లలో కలిసిపోతున్నట్టే, అంటే గీజర్ తప్పేమీ లేదు, ప్లంబర్ పని.

ధార ఆగిపోతే టైము చూడండి. 2000 వాట్ల ఎలిమెంట్ (లోపల నీళ్లను వేడి చేసే కడ్డీ) 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి 18, 20 నిమిషాలు పడుతుంది. వోల్టేజి 230 నుంచి 200కి పడిపోతే ఎలిమెంట్ ఇచ్చే వేడి పావు వంతు తగ్గిపోతుంది, అప్పుడు ఇంకో ఐదారు నిమిషాలు ఆగాల్సిందే.

లైటు తొందరగా ఆరిపోయి, నీళ్లు మాత్రం వేడెక్కకపోతే అనుమానం థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కగానే కరెంటు ఆపే భాగం) మీదే. గంటసేపు వేసి ఉంచినా లైటు ఆరకపోతే, లోపల గరగరమని చప్పుడు కూడా వస్తుంటే, ఎలిమెంట్‌కి సున్నం పట్టి ఉంటుంది. బోరు నీళ్లకి ఇది మామూలే. మెకానిక్‌ని పిలిచి ట్యాంకు కడిగించండి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో అప్పుడే చూడమనండి.

నీళ్లు సలసలా కాగిపోయి ఆవిరి వస్తుంటే మాత్రం కరెంటు బోర్డులో గీజర్ ఎంసీబీ స్విచ్ ఆపేయండి, గీజర్‌ మీది రీసెట్ బటన్ పదేపదే నొక్కొద్దు, అది ప్రాణాల మీదకొచ్చే పని.