మూడో తరగతి పిల్లలకు స్వింగ్ డాన్స్ నేర్పొచ్చా? జంటల డాన్స్ కదా, కుదురుతుందా?

యాన్యువల్ డేకి మూడు, నాలుగు తరగతుల పిల్లలతో సినిమా పాట కాకుండా స్వింగ్, అంటే జాజ్ సంగీతానికి ఆడే అమెరికన్ జంటల డాన్స్, చేయించాలని ఉందన్నారు. చేయించండి. నేను బెంగళూరులో ఉద్యోగం చేసే రోజుల్లో సరదాకి నేర్చుకున్నాను. తర్వాత అనంతపురం వచ్చేసి, ఇక్కడొక స్కూల్లో రెండేళ్లు సాయంత్రం క్లాసు తీసుకున్నాను. మొదటి ఏడాది దాదాపు అన్నీ తప్పులే చేశాను.

మొదటి తప్పు లెక్క పెట్టించడం. "వన్ అండ్ టూ, త్రీ అండ్ ఫోర్" అంటుంటే పిల్లలు నా మొహం చూస్తారే తప్ప కాళ్లు కదలవు. ఆరు దెబ్బల (బీట్ల) బేసిక్‌లో గబగబా మూడడుగులు, మళ్లీ మూడడుగులు, తర్వాత ఒక కాలు వెనక్కి వేసి ముందు కాలి మీదికి రావడం, అంతే. ఒక రోజు విసుగొచ్చి "ఉగ్గాని, ఉగ్గాని, బజ్జీ" అన్నాను. ఉగ్గానికి మూడడుగులు, బజ్జీకి రెండు. క్లాసంతా అరుచుకుంటూ పది నిమిషాల్లో పట్టేశారు. 'గా' దగ్గర సాగదీయనివ్వకండి, దాన్ని చటుక్కున మింగేయాలి. స్వింగ్ సంగీతంలో దెబ్బను రెండు సమానమైన ముక్కలు చేయరు, మొదటిది పొడుగు, రెండోది పొట్టి. కుంటుకుంటూ పరిగెత్తినట్టుంటుంది. ఆ కుంటు లేకపోతే అది డ్రిల్లు. ఒకటో తరగతి వాళ్లయితే ఉగ్గానికి ఒక్క అడుగే చాలు.

పాట నిమిషానికి 120 నుంచి 140 దెబ్బలున్నది చూసుకోండి. మరీ నిదానమైతే సులువనుకుంటాం గానీ, ఒంటికాలి మీద అంతసేపు ఆగలేక చిన్నపిల్లలు తూలుతారు. కౌంట్ బేసీ, డ్యూక్ ఎల్లింగ్టన్ అనే అమెరికన్ జాజ్ సంగీతకారుల బృందాల రికార్డులు బోలెడున్నాయి, కొన్ని మరీ వేగం.

ఇక జంటలు. "మిస్, వాడితో నేను చేయను", "మిస్, కాలు తొక్కతాండాడు" ఇవి రోజూ ఉంటాయి. ఒకమ్మాయి వాళ్లమ్మ గేటు దగ్గర ఆపి, "మగపిల్లోళ్ల చేతులు పట్టుకోవడమేంది మేడమ్?" అని నేరుగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు కోలాటం కర్రలు తెచ్చాను. చెయ్యికి బదులు ఇద్దరూ ఒకే కర్రను చెరో కొసా పట్టుకుంటారు. రెండు వలయాలుగా నిలబెట్టి, ప్రతి ఎనిమిది బజ్జీలకు బయటి వలయాన్ని ఒక మనిషి ముందుకు జరిపాను. కోలాటం చూసిన పిల్లలకు ఇది చెప్పే పనే లేదు. ఎవరి జంటా ముప్పై సెకన్లకు మించి ఉండదు కాబట్టి అలకలూ తగ్గాయి. ఆ తల్లి కూడా ఏమీ అనలేదు. ముందు నడిపేది మగపిల్లాడే అన్న నియమం పెట్టకండి, ఇద్దరికీ రెండూ నేర్పండి.

చరిత్ర కూడా చెప్పాలనుకుంటే మంచినీళ్లు తాగే సమయంలో చెప్పండి. న్యూయార్క్ హార్లెమ్‌లో 1926లో సవోయ్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాలు తెరిచారని, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేల మీద ఆడారని అంటే శ్రద్ధగా విన్నారు. నేను అక్కడితో ఆపాల్సింది. 1935లో ఫ్రాంకీ మానింగ్ అనే అక్కడి డాన్సర్ తన జంటను వీపు మీదుగా గాల్లో తిప్పి దించిన కథ కూడా చెప్పాను. మర్నాడు ఇంటర్వెల్‌లో ఇద్దరు మగపిల్లలు వరండాలో అదే చేయబోయారు. ఒకడికి పెదవి చిట్లింది. హెడ్మాస్టర్ గదిలో నేను నిలబడ్డాను, వాళ్లు కాదు.

ఆ వరండా నున్నటి కడప బండలది. సాక్సులతో అసలు చేయించొద్దు, వట్టి కాళ్లైనా ఉండాలి, బూట్లైనా ఉండాలి. ప్రాక్టీసు జనవరిలోపు మొదలుపెట్టండి. మార్చిలో ఒంటిపూట బడులొచ్చాక మన ఎండకు ఎవరూ ఉగ్గాని అనరు, "నీళ్లు మిస్" అంటారు.